మేనకోడలికి, ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద లినక్స్ గురించి

అమ్మలూ,

మారతహళ్లి పీజీలో నువ్వూ చెల్లీ ఒకే ల్యాప్‌టాప్‌తో సర్దుకుంటున్నారు కాబట్టి, విండోస్ జోలికి పోకుండా లినక్స్‌ను బయటి డిస్క్‌లో పెట్టుకోవాలన్న నీ ఆలోచన మంచిదే. కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లినప్పుడు హార్డ్ డిస్క్ కాకుండా, లోపల తిరిగే భాగాలుండని యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ తీసుకో. హార్డ్ డిస్క్ మీదా నడుస్తుంది కానీ బ్రౌజర్ తెరుచుకునేలోపు నీ ఫిల్టర్ కాఫీ అయిపోతుంది. పైగా నువ్వు మంచం మీద పడుకుని వాడే రకం. తిరుగుతున్న డిస్క్ కింద పడిందంటే డేటా మీద ఆశ వదులుకోవడమే.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. మొదటిసారి ఇన్‌స్టాల్ చేశాక అంతా బాగానే ఉందనుకుని, డిస్క్ తీసి సంచిలో పెట్టుకున్నాను. మర్నాడు మీ అత్తయ్య ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల తెర మీద 'గ్రబ్' అని ఒక్క మాట, అంతే. విండోస్ రాలేదు. ఆ పూట ఇంట్లో నాకు టిఫిన్ కూడా లేదు.

జరిగిందేమిటంటే, లినక్స్ బయటి డిస్క్‌లోకే వెళ్లింది కానీ దాన్ని లేపే బూట్‌లోడర్ (అదే ఆ గ్రబ్) మాత్రం లోపలి డిస్క్‌లోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లో, అంటే బూట్‌లోడర్లు ఉండే చిన్న భాగంలో కూర్చుంది. బయటి డిస్క్ ఎంచుకున్నా కొన్ని ఇన్‌స్టాలర్లు ఇలాగే చేస్తాయి. అందుకే వీలైతే లోపలి ఎస్ఎస్‌డీ విప్పేసి ఇన్‌స్టాల్ చెయ్యి. విప్పడం భయమైతే డిస్క్ భాగాలను మార్చే జీపార్టెడ్ అనే ప్రోగ్రామ్‌లో లోపలి ఈఎఫ్ఐ పార్టిషన్‌కు ఉన్న బూట్, ఈఎస్‌పీ టిక్కులు తీసేసి, పని అయ్యాక మళ్లీ పెట్టు. ఏది చేసినా ముందు ఫైళ్లు బ్యాకప్ తీసుకో, విండోస్ డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకో. అది లేకపోతే చెల్లి అసైన్‌మెంట్లు గోవిందా!

బయటి డిస్క్‌కు జీపీటీ అనే పార్టిషన్ పట్టిక పెట్టి, మొదట ఫ్యాట్32 ఫార్మాట్‌లో 512 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్, మిగతాది లినక్స్ వాడే ఎక్స్‌ట్4 ఫార్మాట్ చెయ్యి. ఇన్‌స్టాల్ అయ్యాక ఆ చిన్న పార్టిషన్‌లో ఈఎఫ్ఐ ఫోల్డర్, దాంట్లో బూట్ ఫోల్డర్, దాంట్లో బూట్ఎక్స్64.ఈఎఫ్ఐ అనే ఫైలు ఉందో లేదో చూడు. కొత్త కంప్యూటర్‌కు నీ డిస్క్ పేరు తెలియదు కదా, అది వెతికేది ఈ ఫైలునే. లేకపోతే గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండ్‌ను రిమూవబుల్ ఆప్షన్‌తో మరోసారి నడుపు.

ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూకి డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా మూసుకోకుండా సగం నిద్రపోయే పద్ధతి) ఆపేసెయ్, లేకపోతే లినక్స్ నుంచి సీ డ్రైవ్‌లో ఏమీ రాయలేవు. లినక్స్ నడుస్తుండగా బయటి డిస్క్ కేబుల్ మాత్రం పీకకు.

ఆదివారం ఇంటికి వస్తే సన్న స్క్రూడ్రైవర్ ఇస్తాను. ల్యాప్‌టాప్ చార్జర్ మర్చిపోకు.

మీ మావయ్య