బేరింగ్ పోతోందని ముందు కనిపెట్టింది మా చెరువు కుర్రాడు

"ఇంజన్లో వాల్వుల దగ్గరుండే రోలర్ బేరింగులు ఎందుకు చప్పుడు చేస్తాయి?" అని అడిగారు. నేను మెకానిక్‌ని కాదు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు చేసుకునేవాణ్ణి. కానీ ఈ చప్పుడుకి 20 వేల పైన వదిలించుకున్నాను కాబట్టి నాకూ చెప్పే హక్కుంది.

రాత్రిపూట చెరువు దగ్గర నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్ల మోత తప్ప ఇంకేం వినపడదు. మా కాపలా కుర్రాడు ఆ మోతలోనే నిద్రపోతాడు, మోత మారితే లేస్తాడు. ఉప్పునీటికి ఏరేటర్ బేరింగులు ఎంత తొందరగా పోతాయో ఈ పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక రాత్రి గట్టు మీద డీజిల్ కారు ఆన్‌లో పెట్టుకుని ఏసీలో కూర్చునుంటే వాడొచ్చి అద్దం మీద కొట్టాడు. "అన్నా, నీ బండిలో ఏందో బేరింగు పోతా ఉండాది" అన్నాడు. "నువ్వు మేత సంగతి చూడరా" అని పంపించేశాను.

నెల తిరక్కుండా నాకూ వినపడింది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే "డీజిల్ బండంటే ఈ మాత్రం సౌండ్ ఉంటుంది సార్" అని ఆయిల్లో ఏదో సీసా పోసి బిల్లు చేతిలో పెట్టారు. ఇంకొకాయన వాల్వుల దగ్గర గ్యాప్ సర్దే ట్యాపెట్లు టైట్ చేస్తే పోద్దన్నాడు. నా ఇంజన్లో టైట్ చేయడానికి స్క్రూయే లేదు. అవి ఆయిల్ ప్రెషర్‌తో గ్యాప్ తమంతట తామే సర్దుకునే హైడ్రాలిక్ రకం. ఆ సంగతి నాకు తెలిసినా ఆయనకు తెలియదు!

చివరికి నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ పైమూత (హెడ్ కవర్) మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, ఒక్కోచోట ఆగి ఆగి విన్నాడు. తెప్పించిన టీ చల్లారిపోయింది. "కింద కాదబ్బయ్యా, పైనే" అన్నాడు. ఎట్టా తెలిసిందంటే లెక్క చెప్పాడు. కింద పిస్టన్లు తిప్పే క్రాంకు 2 చుట్లు తిరిగితే, పైన వాల్వుల్ని తెరిచే కామ్ షాఫ్టు తిరిగేది ఒక్క చుట్టు. బండి నిలబెట్టి ఉంచిన ఐడిలింగ్‌లో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు తెరుచుకునేది 400 సార్లే. అందుకే పైనొచ్చే టకటక కింది చప్పుడు కన్నా నిదానంగా ఉంటుంది.

కామ్ షాఫ్టు ఎత్తి, కామ్ నొక్కుడుని వాల్వులకి అందించే 16 రాకర్లూ తీసి, పాత లుంగీ గుడ్డ మీద వరస తప్పకుండా పేర్చాడు. ఒక్కో రాకర్‌లో ఉండే రోలర్‌నీ బొటనవేలితో తిప్పుకుంటూ వచ్చి ఒకటి నా చేతిలో పెట్టాడు. మిగతావి నూనెలో జారినట్టు తిరుగుతుంటే ఇది గరగరమంటా సగం చుట్టుకే ఆగిపోయింది. పిన్ను కొట్టి తీస్తే లోపలి సూదుల్లాంటి రోలర్లు గుడ్డ మీద రాలాయి. పిన్నుకి ఒక పక్క అమ్మవారు పోసినట్టు గుంటలు. రెండో పక్క అద్దంలా ఉంది. పిన్ను తిరగదు కదా, కామ్ నొక్కిన ప్రతిసారీ బరువంతా ఆ ఒక్క పక్కే పడుతుంది. అక్కడ పొర లేచిందంటే సూదులు ఆ గుంటల మీద ఎగిరెగిరి పడతాయి. మీరడిగిన చప్పుడు అదే. అప్పటికీ పట్టించుకోకపోతే రోలర్ తిరగడం మానేసి కామ్‌ని రుద్దేస్తుంది. నాది అంతదాకా పోలేదు.

నన్నడిగితే ఇందులో రోలర్ తప్పేం లేదు, తప్పంతా ఆయిల్‌దీ నాదీ. చాలా ఇంజన్లలో ఈ సూదులకు చేరేది పైన చిమ్మే ఆయిలే. వేడి మీద ఐడిలింగ్‌లో ప్రెషర్ తక్కువ, చిమ్మేదీ తక్కువే. నేనేమో గట్టు మీద గంటలకొద్దీ ఏసీ వేసుకుని కూర్చునేవాణ్ణి. మీటర్‌లో కిలోమీటర్లు పెరగవు, కాబట్టి ఆయిల్ మార్చే రోజూ రాదు. ట్రాక్టర్‌కి గంటల మీటర్ పెడతారు, లక్షలు పోసి కొన్న కారుకి పెట్టడానికి ఏం రోగమో నాకర్థం కాదు. దానికి తోడు ఊళ్లో డ్రమ్ములోంచి పోసే లూజు ఆయిల్! గ్రేడేంటని అడిగితే "అన్నిటికీ ఇదే" అంటారు.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమని చప్పుడొచ్చి అదే పోతే మాత్రం టెన్షన్ పడొద్దు. రాత్రంతా ట్యాపెట్లలోంచి ఆయిల్ దిగిపోయి ఉంటుంది, అంతే.

రాకర్లు సెట్టు మొత్తం మార్పించాను. ఇంజన్ ఇప్పుడు మెత్తగా తిరుగుతోంది. కుర్రాడు మాత్రం ఒప్పుకోడు, ఎడమ వెనక చక్రంలో కూడా ఏదో పోతా ఉండాది అంటున్నాడు. ఇంకా చూపించలేదు.