హామ్ రేడియోలో రహస్యంగా మాట్లాడుకోవచ్చా?

ప్రశ్న: ఇండియాలో నాకు హామ్ రేడియో (వ్యాపారానికి కాక అభిరుచి కొద్దీ నడిపే రేడియో) వీయూ3 లైసెన్సు ఉండేది. అమెరికా వచ్చాక ఇక్కడి హామ్ లైసెన్సుల్లో మొదటి మెట్టయిన టెక్నీషియన్ పరీక్ష ప్యాసయ్యాను. నేనూ, నా మిత్రుడూ చెరొక డీఎంఆర్ హ్యాండీ (డిజిటల్ పద్ధతిలో మాటలు పంపే, చేతిలో పట్టుకునే సెట్టు) కొన్నాం. అందులో ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ (‘కీ’ అనే రహస్య సంకేతం ఉన్నవారికి తప్ప ఇతరులకు అర్థం కాకుండా మాటలను మార్చే) సదుపాయం ఉంది. మా మాటలు ఇతరులు వినకుండా దానిని వాడుకోవచ్చా?

జవాబు: వాడకూడదు. అమెరికాలో హామ్ రేడియోకు వర్తించే ఎఫ్‌సీసీ (ఇక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) నిబంధనలు పార్ట్ 97లో ఉన్నాయి. అర్థాన్ని మరుగుపరచే ఉద్దేశంతో సంకేతీకరించిన సందేశాలను అందులోని సెక్షన్ 97.113 నిషేధిస్తున్నది. సెట్టులో ఆ సదుపాయం ఎందుకు పెట్టారని మీకు అనిపించవచ్చు. ఇలాంటి సెట్లనే సెక్యూరిటీ సిబ్బంది, నిర్మాణ సంస్థలు తమ వ్యాపార లైసెన్సుల కింద వాడుకుంటాయి; అక్కడ ఎన్‌క్రిప్షన్ చెల్లుతుంది, హామ్ బ్యాండ్లలో చెల్లదు.

ఈ నిబంధనకు ఆయువుపట్టు ‘ఉద్దేశం’ అన్న మాట. డీఎంఆర్, ఎఫ్‌టీ8 (కంప్యూటర్ సాయంతో చిన్న సందేశాలు పంపే పద్ధతి) వంటి డిజిటల్ పద్ధతులు మామూలు రేడియోలో వినేవారికి అర్థం కాకపోయినా, తగిన సెట్టో సాఫ్ట్‌వేరో ఉన్న ఎవరైనా వాటిని విప్పి వినగలరు కనుక అవి నిషిద్ధం కావు. మోర్స్ కోడ్, క్యూ కోడ్‌లు (‘క్యూ’తో మొదలయ్యే మూడక్షరాల సంక్షిప్తాలు) కూడా అంతే.

తెలుగులో మాట్లాడితే గూఢభాష అవుతుందా అని నన్ను చాలామంది అడిగారు. కాదు, నిరభ్యంతరంగా మాట్లాడుకోండి. అయితే ప్రతి 10 నిమిషాలకు ఒకసారి, సంభాషణ ముగిసేటప్పుడు ఒకసారి మీ కాల్‌సైన్‌ను (లైసెన్సుతో పాటు ఇచ్చే గుర్తింపు సంకేతాన్ని) ఇంగ్లీషులోనే చెప్పాలి. చిన్నప్పుడు పెద్దవాళ్లకు తెలియకూడదని ‘కనుకవ్వు కఎకప్పుకడు కవకస్తాకవు’ అంటూ మాట్లాడుకున్న ‘క’ భాష మాత్రం, సెక్షన్‌లోని మాట పట్టుకుని చూస్తే, తప్పు కిందికే వస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ తరంగాలను మనకిచ్చింది వ్యాపారానికి కాదు. డబ్బు తీసుకుని సందేశాలు పంపినా, సొంత వ్యాపారం నడుపుకున్నా మొదట పసిగట్టేది తోటి హామ్‌లే. మాటలు వినబడకపోతే వారు పట్టుకోలేరు. అత్యవసర సమయాల్లో రోగుల వివరాల వంటివి గోప్యంగా పంపేందుకు ఎన్‌క్రిప్షన్‌ను అనుమతించాలని ఒక హామ్ పెట్టుకున్న పిటిషన్‌ను ఎఫ్‌సీసీ 2013లో తోసిపుచ్చింది. అమెరికా హామ్‌ల జాతీయ సంఘమైన ఏఆర్‌ఆర్‌ఎల్ కూడా దానిని వ్యతిరేకించింది. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే. ఉపగ్రహాలకు భూమి మీద నుంచి పంపే ఆదేశాలకు మాత్రం మినహాయింపు ఉంది. లేకుంటే దారిన పోయేవాడు కూడా ఉపగ్రహాన్ని ఆపేయగలడు. దేశాల మధ్య జరిగే హామ్ సంభాషణలకు అంతర్జాతీయ రేడియో నియమావళి కూడా ఇదే నిషేధాన్ని, ఇదే మినహాయింపును విధించింది కనుక, ఇండియాలోని మిత్రులతో మాట్లాడేటప్పుడు కూడా దారి వేరుగా ఉండదు.

సెకండ్‌హ్యాండ్ సెట్టు కొన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. నేను కొన్న పాత సెట్టులో మునుపటి యజమాని పెట్టుకున్న కీ అలాగే మిగిలి ఉంది. ఆ సంగతి తెలియక స్థానిక రిపీటర్‌లో (సిగ్నల్‌ను అందుకుని మరింత దూరం పంపే కేంద్రంలో) పలకరిస్తే, అవతలివారికి గుడగుడమనే చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. ఒక పెద్దాయన ‘ముందు మీ ఎన్‌క్రిప్షన్ తీసేయండి’ అని చెబితే గాని విషయం బోధపడలేదు. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క ఛానెల్‌ను తెరచి, ఎన్‌క్రిప్షన్ గడిలో ‘ఆఫ్’ అని ఉన్నదో లేదో చూసుకోండి. ఒక ఛానెల్‌లో తీసేస్తే అన్నింటిలో పోయినట్లు కాదు.

రేడియోలోనే గోప్యత కావాలనుకుంటే మెష్‌టాస్టిక్ (చిన్న రేడియోలు ఒకదాని నుంచి మరొకదానికి సందేశాలను అందించుకునే వ్యవస్థ) ఉంది. 902–928 మెగాహెర్ట్జ్ మధ్య, లైసెన్సు అక్కరలేని పార్ట్ 15 నిబంధనల కింద, తక్కువ పవర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన చిన్న చిన్న సందేశాలు పంపుకోవచ్చు. అయితే ఎక్కువ పవర్ కోసం అందులోని హామ్ సెట్టింగ్‌ను ఆన్ చేశారంటే, మీరు పార్ట్ 97 కిందికి వస్తారు. ఎన్‌క్రిప్షన్ ఆగిపోతుంది, మీ పేరు స్థానంలో మీ కాల్‌సైన్ కనబడుతుంది.