నృత్యంలో పీజీ: ఇల్లు తాకట్టు పెట్టి విదేశాలకు పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. ఏడో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది, రెండేళ్ల క్రితం రంగప్రవేశం కూడా చేసింది. ఎంబీఏ చేయమంటే వినకుండా, నృత్యంలో పీజీ చేసి కొరియోగ్రాఫర్ అవుతానంటోంది. అదే చదవాలంటే ఇంటి మీద అప్పు తెచ్చయినా విదేశాలకు పంపుదామని మావారు అంటున్నారు. ఇక్కడి చదువు, విదేశీ చదువు, సినిమా రంగం, ఈ మూడింటినీ పోల్చి చెప్పగలరు.
– ఒక తల్లి, కూకట్‌పల్లి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ఈ ప్రశ్నను అటూ ఇటుగా ఎందరో తల్లిదండ్రులు నన్ను అడిగారు. పోల్చి చెప్పమంటారు గానీ, వారి మనసులో ఉన్నది మరొకటి: ఈ చదువుతో పిల్ల ఎవరి ముందూ చేయి చాచకుండా బతకగలదా అన్న భయం. ముందు దానికే జవాబు చెబుతాను.

బతకగలదు. మొదటి నాలుగైదేళ్లు ఒక నెల వచ్చిన ఆదాయం మరో నెల రాకపోవచ్చు. అయితే పాఠశాలల్లో నృత్యం నేర్పవచ్చు, సొంతంగా శిక్షణ ఇవ్వవచ్చు, కళాశాల అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాసి అధ్యాపక వృత్తిలోకి వెళ్లవచ్చు. అదే పరీక్షలో మంచి ర్యాంకుతో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే పరిశోధన కాలంలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతాయి. 18 నుంచి 25 ఏళ్ల వయసున్న యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయల ఉపకార వేతనం ఇస్తుంది. మొత్తం చిన్నదే అయినా, సాధనకు ఆటంకం లేకుండా ఆ రెండేళ్లు గడిపేందుకు అది ఆసరా అవుతుంది.

ఇక్కడ ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. ఏడో ఏట గజ్జె కట్టించినది మీరు, బంధువులందరినీ పిలిచి రంగప్రవేశం చేయించినది మీరు. ఇన్నేళ్ల తరువాత అది సరదాగా నేర్పించిన విద్యే తప్ప బతుకుతెరువు కాదని చెబితే ఆ పిల్ల ఏమనుకోవాలి? ఆమె మొండితనం చేయడం లేదు, మీరు నేర్పిన విద్యను మీకంటే గట్టిగా నమ్ముతోంది.

మీవారి ఆలోచనపై నాకు పెద్ద సందేహమే ఉంది. మన నగరంలో ఏ చదువుకైనా విదేశీ ముద్ర పడితేనే విలువ అన్న నమ్మకం పాతుకుపోయింది. బ్రిటన్‌లో ఎంఏ సాధారణంగా ఒక్క ఏడాదిలో ముగుస్తుంది, అందులో సగం కొత్త ఊరికి అలవాటు పడడానికే సరిపోతుంది. అమెరికాలో ఎంఎఫ్‌ఏ (కళల్లో పీజీ) రెండు మూడేళ్లు ఉంటుంది గానీ, ఆ తరువాత ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసేందుకు విదేశీ విద్యార్థులకిచ్చే అనుమతి) కింద పనిచేసేందుకు ఒక్క ఏడాదే గడువు. ఇంజినీరింగ్ పిల్లలకు దొరికే అదనపు రెండేళ్లు నృత్యం చదివినవారికి వర్తించవు. ఆ ఏడాదిలో ఇంటి అప్పు తీరేంత సంపాదన ఈ రంగంలో ఎవరికి వస్తుంది? పైగా నృత్య దర్శకురాలికి నర్తకులు, గాయకులు, మృదంగ విద్వాంసులు, నట్టువాంగం చేసేవారు (తాళాలు వాయిస్తూ నృత్యాన్ని నడిపించేవారు) తోడుండాలి, ఆ బృందం ఏళ్ల పరిచయంతో ఏర్పడుతుంది. ఇరవై ఒకటో ఏట దాన్ని వదిలి వెళ్లిన పిల్ల, అప్పు భారంతో తిరిగి వచ్చి మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఇరవై ఆరో ఏట, సొంత రచనలు కొన్ని చేతిలో పెట్టుకుని, ఫీజు మాఫీతో పాటు బోధనలో సహాయకురాలిగా పని ఇచ్చే ఎంఎఫ్‌ఏకు వెళ్తానంటే నేనే సంతోషంగా పంపమంటాను.

ఇక్కడ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నృత్యంలో రెండేళ్ల ఎంపీఏ (ప్రదర్శన కళల పీజీ) ఉంది, తెలుగు విశ్వవిద్యాలయంలోనూ కూచిపూడిలో పీజీ ఉంది. ప్రవేశ వివరాలు మీ అమ్మాయే చూసుకోగలదు. సినిమా రంగం డిగ్రీ అడగదు. సినీ నర్తకుల సంఘంలో సభ్యత్వ కార్డు తీసుకుని బృందంలో నర్తించాలి, ఆపై ఏళ్ల తరబడి సహాయకురాలిగా పనిచేయాలి. అది నామోషీ ఏమీ కాదు. కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారు మద్రాసు వెళ్లిన కొత్తలో సినీ నృత్య దర్శకుడు వేదాంతం రాఘవయ్య గారికి సినిమా నృత్యాల్లో సహాయకుడిగా పనిచేశారు, ఆ తరువాతే 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించారు.

అయితే బాగా ఆడగలిగినవారందరూ కొత్త నృత్యాన్ని కూర్చగలరని అనుకోకండి. నా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థిని గళ్ల కాగితం మీద చింతపిక్కలు పేర్చి, ఏ జతికి (అడుగుల వరుసకు) ఎవరు ఎటు నుంచి రావాలో, దరువు (నృత్యనాటకంలోని పాట) ముగిసేసరికి ఎవరి వెనుక ఎవరు నిలవాలో జరిపి చూపించింది. ఒక పిక్కను పక్కకు జరిపి, "ఈ అమ్మాయి ఇక్కడ నిలబడితే వెనక ఉన్న కృష్ణుడు ప్రేక్షకులకు కనబడడండీ" అంది. నేను వెతికేది ఆ చూపునే. మీ అమ్మాయిలో అది ఉందో లేదో ఇంకా ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఆమె ఇంతవరకు గురువు కూర్చినదే ఆడింది.

కాబట్టి అప్పు మాట పక్కన పెట్టి, ఈ సంవత్సరం ఇక్కడి పీజీకి దరఖాస్తు చేయనివ్వండి. పరీక్షలయ్యాక నలుగురు తోటి పిల్లలతో పది నిమిషాల సొంత రచన ఒకటి చేయమని చెప్పండి. అది సిద్ధమయ్యాక మీవారిని వెంటబెట్టుకుని వెళ్లి ముందు వరుసలో కూర్చుని చూడండి, ఆ తరువాత ముగ్గురూ కలిసి నా దగ్గరకు రండి.