రైజెన్ 5 5600ఎక్స్ వేగాన్ని సురక్షితంగా పెంచడం ఎలా?

బి550 మదర్‌బోర్డు మీద ఉన్న ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600ఎక్స్ వేగాన్ని ఆటోమేటిక్‌గా పెంచాలా, మాన్యువల్‌గానా అని అడిగితే, ఇంటి వాడకానికి మొదటిదే మేలని నా అభిప్రాయం. ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలైన కోర్లన్నిటికీ ఒకే వేగం, ఒకే వోల్టేజీ బిగిస్తే, ఒక్క కోరు మీద నడిచే పనుల్లో ప్రాసెసర్ తనంతట తాను అందుకునే 4.6 గిగాహెర్ట్జ్ బూస్ట్ చేజారిపోవచ్చు.

మదర్‌బోర్డు సెట్టింగుల మెనూ అయిన బయాస్‌లో, వేగాన్ని ఆటోమేటిక్‌గా పెంచే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ను ఆన్ చేసి, కోర్లకు అందే వోల్టేజీని సర్దే కర్వ్ ఆప్టిమైజర్‌ను నెగెటివ్ 10 దగ్గర మొదలుపెట్టి, కొద్దికొద్దిగా దించుతూ, ప్రతిసారీ కోర్‌సైక్లర్ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్‌తో కోరు కోరునూ పరీక్షించాలి. ఎందుకంటే బరువైన పనిని తట్టుకున్న సెట్టింగే, కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు రీస్టార్ట్‌కు దారితీయడం తరచూ జరిగేదే. ఉష్ణోగ్రత పరిమితి 95 డిగ్రీలు కనుక, పెట్టెతో వచ్చిన చిన్న కూలర్‌ను ముందే మార్చడం మంచిది. ఓవర్‌క్లాకింగ్ (నిర్దేశిత పరిమితిని మించి వేగం పెంచడం) వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదు. ఏఎండీ నిబంధనల్లో ఓవర్‌డ్రైవ్ కూడా ఆ కోవలోదే.