ఫుల్ బ్యాకా, హాఫ్ బ్యాకా: మీ అబ్బాయి గురించి

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడే మీవాడు పొడుగు పెరిగాడని, వాణ్ణి హాఫ్ బ్యాక్ (డిఫెన్స్‌లో ముందు వరస) నుంచి ఫుల్ బ్యాక్‌కి (సొంత గోల్‌కి దగ్గరగా ఉండే స్థానం) మార్చారనీ, బంతి అందక దిగులుపడుతున్నాడనీ రాశారు. టీనేజీలోనే ఒకే స్థానానికి కట్టెయ్యకండి, దయచేసి.

వచ్చే మ్యాచ్‌లో మీరు బంతిని వదిలేసి వాణ్ణే చూడండి. ఎదుటివాళ్లు కిక్ కొట్టేలోపే అది ఎక్కడ పడుతుందో పసిగట్టి, తను కాపలా కాసే ఆటగాణ్ణి వదిలి కదులుతున్నాడా? అయితే మార్క్ పట్టి (కిక్ కొట్టిన బంతిని నేల తాకకముందే అందుకుని) దాడి మొదలుపెట్టే హాఫ్ బ్యాకే నప్పుతుంది. ఒక్కడితో ఒక్కడుగా తలపడటం ఇష్టమైతే ఫుల్ బ్యాక్ మంచిదే. పిడికిలితో బంతిని బౌండరీ వైపు కొట్టే స్పాయిల్ బాగా సాధన చేయించండి.

హాథార్న్ క్లబ్ ఆటగాడు జేమ్స్ సిసిలీ ఫార్వర్డ్‌గా మొదలై, డిఫెన్స్‌లోకి వచ్చాకే మెరిశాడు, 2023లో కెప్టెనయ్యాడు. మ్యాచ్‌లోని నాలుగు క్వార్టర్లూ పంచి రెండు చోట్లా ఆడించమని కోచ్‌ని అడగండి.