కాజాకు సిమ్లా వైపు నుంచి ఎక్కండి, మనాలి వైపు దిగండి

చేతిలో తొమ్మిది రోజులు, 350 సీసీ బండి, వెనక తమ్ముడు, ఇద్దరికీ హిమాలయాలు ఇదే మొదటిసారి. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు మనాలి నుంచి వెళ్లాలా, సిమ్లా నుంచా అని మీరు అడిగారు. నేను రెండు వైపుల నుంచీ వెళ్లాను. సిమ్లా నుంచే వెళ్లండి.

మనాలి నుంచి స్పితిలోని ముఖ్య పట్టణం కాజా సుమారు 200 కిలోమీటర్లు, సిమ్లా నుంచి దానికి రెట్టింపు. మ్యాప్ చూస్తే ఎవరికైనా మనాలే దగ్గర అనిపిస్తుంది. మొదటిసారి నేనూ అలాగే వెళ్లాను. మనాలి ఉన్నది 2,000 మీటర్ల ఎత్తులో. పొద్దున అక్కడ బయల్దేరి, ఆ రోజే 4,500 మీటర్లు దాటిన కుంజుమ్ కనుమ ఎక్కి దిగి, రాత్రికి 3,650 మీటర్ల దగ్గర కాజాలో పడుకున్నాను. ఒళ్లు అలవాటు పడటానికి టైమే లేదు. హెల్మెట్ తీసేశాక కూడా తలకు ఇంకా బిగించి ఉన్నట్టే ఉంది. ముద్ద నోట్లో పెడితే వాంతి. మర్నాడంతా గదిలోనే పడుకున్నాను. అక్కడి గాలిలో మనకు అందే ఆక్సిజన్ సముద్ర మట్టం దగ్గర అందేదానిలో మూడింట రెండొంతుల కంటే కాస్త తక్కువ. వయసులో ఉన్నాం, ఫిట్‌గా ఉన్నాం అంటే అది వినదు.

సిమ్లా దారి మెల్లగా ఎక్కిస్తుంది. మొదటి రాత్రి రామ్‌పూర్ దగ్గర, రెండో రాత్రి దాదాపు 3,000 మీటర్ల ఎత్తున్న కల్పాలో, మూడోది టాబోలో, నాలుగోది కాజాలో. కల్పాలో తెల్లారకముందే లేవండి, ఎదురుగా కిన్నర్ కైలాస్ కొండ మీద వెలుగు పడటం చూడొచ్చు. కల్పా ఉన్న కిన్నౌర్ జిల్లా అంతా ఆపిల్ తోటలు. ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలుస్తుంది. అది దాటి పైకి ఎక్కేకొద్దీ పచ్చదనం పోయి, కొండలన్నీ మట్టి రంగులోకి మారిపోతాయి. టాబో బౌద్ధ మఠం 996లో కట్టింది, బయటికి మామూలు మట్టి గోడలే. లోపలికి వెళ్లగానే చీకటి. తొందరపడి బయటికి రాకండి, ఐదు నిమిషాలు అలాగే నిలబడితే గోడల మీద బొమ్మలు ఒక్కొక్కటే కనిపిస్తాయి.

కాజాలో రెండు రోజులు ఉండండి. దగ్గర్లోని కీ మఠం, కిబ్బర్, లాంగ్జా, హిక్కిమ్ ఊళ్లు పగలు తిరిగి, రాత్రికి కాజాకే వచ్చి పడుకోవాలి. పెట్రోల్ ట్యాంకు నిండా కాజాలోనే పోయించుకోండి. మనాలి వైపు వెళ్లే దారిలో బంకును నమ్ముకోవద్దు.

అసలు జాగ్రత్త ఇక్కడి నుంచే. కుంజుమ్ దిగాక బాతల్ నుంచి గ్రాంఫూ దాకా ఉన్నది రోడ్డు అనుకోకండి. గుండ్రాళ్లు, ఇసుక, దారికి అడ్డంగా పారే నాలాలు. వీటిలో వచ్చేది కరిగిన మంచు నీళ్లు. ఎండ ఎక్కేకొద్దీ నీరు పెరుగుతుంది. పొద్దున మడమ లోతున్న చోటే మధ్యాహ్నానికి మోకాలి దాకా వస్తుంది. రెండోసారి వెళ్లినప్పుడు కాజాలో తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరాం. ఛత్రూకు ముందు ఒక నాలా దగ్గరికి చేరేసరికి మూడు దాటింది. నీళ్లు మట్టి రంగులో ఉన్నాయి, అడుగున ఏముందో కనిపించట్లేదు. సగంలో ముందు టైరు రెండు గుండ్రాళ్ల మధ్య ఇరుక్కుంది. నేను కంగారులో క్లచ్ నొక్కేశాను. బండి ఒరిగింది, సైలెన్సర్ మునిగింది, ఇంజిన్ ఆగింది. వెనక జీపులో వస్తున్న ఇద్దరు దిగి, మాతో పాటు తోసి ఒడ్డున పడేశారు. అప్పటికి నా పాదాలకు స్పర్శ లేదు. స్పార్క్ ప్లగ్ విప్పి కిక్ కొడితే లోపలి నుంచి నీళ్లు చిమ్మాయి. ఎయిర్ ఫిల్టర్ ఆరబెట్టుకుని, బండి మళ్లీ స్టార్ట్ అయ్యేసరికి చీకటి పడింది.

అందుకే చెబుతున్నా. కుంజుమ్ దిగాక బాతల్‌కు దగ్గర్లో ఉన్న చంద్రతాల్ సరస్సు దగ్గర టెంట్లలో రాత్రి ఉండి, తెల్లారగానే ఆరింటికల్లా బండెక్కండి. అనుమానం ఉన్న ప్రతి నాలానీ ముందు మీ తమ్ముడు కాలినడకన దాటి చూడాలి. మీరు ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ ఒకే తీరుగా పట్టుకుని, నీళ్ల వైపు కాకుండా అవతలి ఒడ్డు వైపు చూస్తూ వెళ్లండి. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి. ముందు బండిని బయటికి తోయండి. పొడి సాక్సులు రెండు జతలు చేతికి అందేలా పెట్టుకోండి.

గ్రాంఫూ చేరాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కక్కర్లేదు. కిందికి దిగి 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్‌లోంచి మనాలి వెళ్లిపోవచ్చు. నెల మీ చేతుల్లో ఉంటే సెప్టెంబరు పెట్టుకోండి. జులై, ఆగస్టుల్లో కిన్నౌర్‌లో కొండచరియలు విరిగిపడి దారి గంటల తరబడి మూసేస్తారు. నేను చెప్పిన లెక్కకు ఎనిమిది రోజులే పడతాయి. తొమ్మిదోది ఇలాంటి ఆటంకాల కోసం వదిలేయండి.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. కాజాలో ఇద్దరిలో ఎవరికైనా తలనొప్పి, వాంతులు తగ్గకపోతే మనాలి దగ్గరే కదా అని కుంజుమ్ వైపు వెళ్లకండి. ఆ దారి దిగే ముందు ఇంకో 900 మీటర్లు ఎక్కిస్తుంది. కాజా ఆసుపత్రిలో చూపించుకుని, వచ్చిన దారినే టాబో వైపు దిగండి. చంద్రతాల్ వచ్చే ఏడాదైనా చూడొచ్చు.