ఎండాకాలం విశాఖ వస్తున్న అమ్ములుకు

చిరంజీవి అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లలతో వారం రోజులు మా ఇంట్లో ఉంటామన్నావు, ఎంత సంతోషమో! కానీ నువ్వు పంపిన పట్టిక చూసి గుండె గుభేలుమంది. మొదటి రోజే కైలాసగిరి, జూ, జలాంతర్గామి, వాటర్ పార్కు! వద్దమ్మా. మూడేళ్ల కిందట నేనూ మనవలను అలాగే తిప్పాను. మధ్యాహ్నం రెండింటికి చిన్నవాడు చెట్టు కింద కూలబడ్డాడు. వడదెబ్బ. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఆటోలో ఇంటికి తెచ్చిన ఆ అరగంట తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి. మన ఊళ్లో ఎండకు ఉక్కపోత తోడవుతుంది, చెమట ఆరదు. పొద్దున పది లోపు ఒక చోటు, సాయంత్రం నాలుగు దాటాక ఇంకొకటి. మధ్యలో భోజనం, నిద్ర.

వాటర్ పార్కుకు ఒక పూట చాలు. కైలాసగిరి రోప్‌వే సాయంత్రానికి ఉంచు. జూ, కురుసుర జలాంతర్గామి సోమవారం మూసి ఉంటాయి, గుర్తు పెట్టుకో. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది. టార్పెడోల పక్కనే నావికులు పడుకున్న ఇరుకు పడకలను పిల్లలకు తప్పక చూపించు. బీచ్‌లో మాత్రం పాదాలు తడిస్తే చాలు. మన తీరంలో అల వెనక్కి లాగేస్తుంది.

నీ పట్టికలో పాతబస్తీ లేదు. నాకు బాధ కలిగింది. ఈ ఊరు పుట్టిందే అక్కడ. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పైన కప్పు ఉండదు. భక్తులే స్వయంగా పసుపు, కుంకుమ పెట్టి పూజ చేసుకుంటారు. నీ కూతురి చేత పెట్టించు. గురువారం రద్దీ, ఇంకో రోజు వెళ్దాం. అక్కడి నుంచి హార్బరు వైపు వస్తే పక్కపక్కనే మూడు కొండలు: ఒకదానిపై వెంకటేశ్వరస్వామి, ఒకదానిపై దర్గా, ఇంకొకదానిపై రాస్ హిల్ చర్చి. ఏదో ఒకటి ఎక్కి నిలబడితే చాలు. హార్బరు కాలువలోకి ఓడ మెల్లగా దూరుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. ఏ పార్కులోనూ అది దొరకదు.

ఒక రోజు లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక ఊరికి పోదాం. తిరిగే అంకుడు కర్రకు లక్క ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దగానే నిగనిగలాడుతుంది. ఆ రంగులు గింజలు, బెరళ్లు, వేర్ల నుంచి తీసినవే. బొమ్మ అక్కడే కొను, చేసినవారి చేతికే డబ్బు అందాలి.

అరకుకు పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలెక్కండి. కొత్తవలస నుంచి ఆ మార్గం మొత్తంలో 58 సొరంగాలున్నాయి. అరకు లోపు ఎన్ని వస్తాయో పిల్లల చేత లెక్కపెట్టించు. తిరుగు ప్రయాణం బస్సులో అయితే ఘాట్ రోడ్డు కూడా చూడవచ్చు. బొర్రా గుహల్లో మెట్లు తడిగా ఉంటాయి, జారని చెప్పులు తీసుకురా. రైల్లో అద్దాల పెట్టె కావాలంటే టికెట్లు ఇవాళే తీయించు, వేసవిలో తొందరగా అయిపోతాయి.

సింహాచలం చందనోత్సవం రోజున మాత్రం కొండ వైపు పిల్లలతో పోవద్దు. చందనం పూత తీసిన స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే కాబట్టి జనం కిటకిటలాడతారు. మరునాటికి మార్చుకుందాం.

ఏ రైలుకు దిగుతున్నారో రాయి. మీ పెదనాన్న ముంజలవాడికి ముందే చెప్పి ఉంచాలంటున్నారు.

ప్రేమతో,
పెద్దమ్మ